కాక్‌పిట్‌లో పిస్తోలుకి పనేంటి?

అమెరికాలో 2002 నవంబరులో వచ్చిన హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ చట్టంలో ఒక భాగం గురించి మన దగ్గర పెద్దగా చర్చ జరగలేదు. ప్రయాణికుల విమానం నడిపే పైలట్ తుపాకీ పెట్టుకుని కాక్‌పిట్‌లో కూర్చోవచ్చని ఆ భాగం అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నలభై చిల్లర మంది పైలట్లతో మొదటి బ్యాచ్ జార్జియా రాష్ట్రంలోని గ్లింకోలో శిక్షణ పూర్తి చేసింది. ఆ పథకం ఇప్పటికీ నడుస్తోంది. ఇష్టమున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటారు. మానసిక పరీక్ష, పూర్వాపరాల విచారణ అయ్యాక దాదాపు వారం రోజులు శిక్షణ ఇస్తారు. తర్వాత ప్రమాణం చేయించి ఫెడరల్ అధికారి హోదా ఇస్తారు. దానికి జీతమేమీ పెరగదు. ఎవరి దగ్గర తుపాకీ ఉందో బయటికి చెప్పరు. డాలస్ నుంచి షికాగో వెళ్లే మనవాళ్లకి ఆ ముందు తలుపు వెనక పిస్తోలు ఉందో లేదో తెలిసే దారి లేదు. అలా తెలియకపోవడమే అసలు బలం అంటారు ఈ పథకాన్ని సమర్థించేవాళ్లు.

ఆ బలం మీద నాకు నమ్మకం లేదు. నేను పైలట్‌ని కాదు, పోలీసుని అంతకంటే కాదు. కానీ విమాన హైజాక్‌ల గురించి దొరికినంత చదివిన పిచ్చి ఒకటుంది. అదంతా చదివాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: కాక్‌పిట్‌లోకి ఎవరినీ రానివ్వకూడదు, లోపల ఉన్నవాళ్ల ధ్యాస విమానాన్ని కిందికి దించడం మీద నుంచి పక్కకి పోకూడదు. పిస్తోలు మొదటి పనికి పెద్దగా సాయపడదు. రెండో పనికి అడ్డం పడుతుంది.

డాలస్‌లో ఉండే మా బావ దీన్ని అస్సలు ఒప్పుకోడు. ఫోన్‌లో ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "బావా, రెండొందల మంది ప్రాణాలు, వందల కోట్ల విమానం ఆయన చేతిలో పెట్టి నిద్రపోతావు. కిలో బరువున్న పిస్తోలు పెట్టడానికి మాత్రం నీకు భయం. ఆయన చంపాలనే అనుకుంటే కొండకి గుద్దితే చాలదా?" ఇది తీసిపారేయాల్సిన వాదన కాదు. అమెరికా పైలట్ల సంఘాలు కూడా 2002లో దాదాపు ఇదే మాట అడిగాయి. 2001 సెప్టెంబరు 11న నాలుగు విమానాల్లోనూ కాక్‌పిట్ సిబ్బంది మీద చిన్న కత్తుల్లాంటి వాటితోనే దాడి చేశారు. చేతిలో తుపాకీ ఉన్నా వాళ్లు అలాగే పోయేవారా అని ఒక పైలట్ అడిగితే నా దగ్గర తేలికైన జవాబు లేదు.

కాకపోతే బావ వాదన పైలట్ మంచివాడా కాదా అన్న చోటే ఆగిపోతుంది. నాకు పైలట్ మీద అనుమానం లేదు. నా గొడవ పిస్తోలుతోనే. రోజూ ఇల్లు, కారు, ఎయిర్‌పోర్టు, విమానం, హోటల్ అంటూ చేతులు మారకుండా, ఎక్కడా మర్చిపోకుండా, తీస్తూ పెడుతూ మోసుకు తిరగాల్సిన నిండు తుపాకీ అది. పోలీసు డ్యూటీ అయ్యాక స్టేషన్‌లో అప్పగించి ఇంటికి పోతాడు. పైలట్ రోజుకో ఊళ్లో పడుకుంటాడు.

2008 మార్చి 22న జరిగింది చూడండి. డెన్వర్ నుంచి షార్లెట్ వెళ్తున్న యూఎస్ ఎయిర్‌వేస్ 1536, ఎయిర్‌బస్ 319 రకం. దిగడానికి సిద్ధమవుతున్నారు. పైలట్ పిస్తోలుని సర్దిపెట్టబోతున్నాడు. అప్పట్లో వాళ్లకిచ్చిన తోలు ఒర ఒక వింత డిజైన్. కాక్‌పిట్ దాటించాలంటే ఆ ఒరకున్న రంధ్రంలోంచి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే రింగులోంచి తాళంకప్ప దూర్చి వేయాలి. పిస్తోలు ఒరలో పూర్తిగా దిగకుండా ఒక పిసరు పైకుంటే తాళంకప్ప కొక్కెం నేరుగా ట్రిగ్గర్ మీదికే వస్తుంది. దాన్ని నొక్కారా, పేలుతుంది. పేలింది కూడా. గుండు కాక్‌పిట్ ఎడమ గోడలోంచి బయటికి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, విమానం మామూలుగానే దిగింది. భద్రత కోసం పెట్టిన తుపాకీకి భద్రత కోసం వేసిన తాళమే ట్రిగ్గర్ నొక్కింది! ఈ ఒక్క సంఘటనతో పథకం మొత్తాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదని బావ అంటాడు. సరే. కానీ ఈ ఇరవై ఏళ్లలో ఒక పైలట్ పిస్తోలు తీసి హైజాక్ ఆపిన సంఘటన ఒక్కటైనా చెప్పమంటే మాత్రం ఆయన సబ్జెక్టు మారుస్తాడు.

సినిమాల్లో చూపించినట్టు గుండు తగలగానే విమానం గోడ చీలిపోయి మనుషులు బయటికి కొట్టుకుపోవడం లాంటిదేమీ ఉండదు. లోపలి గాలి ఒత్తిడిని సరిచేయడానికి విమానానికి మామూలుగానే తెరుచుకుని మూసుకునే వాల్వ్ ఉంటుంది. చిన్న చిల్లు పడితే ఆ సిస్టమ్ తట్టుకుంటుంది. తుపాకీని వ్యతిరేకించేవాళ్లు ఈ భయాన్ని అనవసరంగా వాడుకుంటారు. అసలు భయం వేరే ఉంది. ఎయిర్‌బస్ 320 కాక్‌పిట్ ఫొటో ఒకసారి చూడండి. ఇద్దరూ ముందుకి తిరిగి, భుజాల మీదుగా బెల్టులు బిగించుకుని కూర్చుంటారు. తలుపు వీపు వెనక ఉంటుంది. చుట్టూ, నెత్తి మీద, మోకాళ్ల మధ్య స్విచ్చులే. తలుపు బద్దలు కొట్టుకుని ఒకడు వస్తే పైలట్ బెల్టులోంచి సగం తిరిగి, ఒరలోంచి తీసి, అరచేయి దూరంలో ఉన్న తోటి పైలట్‌కి తగలకుండా గురి చూసి కాల్చాలి. ఆ కాసేపు విమానాన్ని ఎవరు చూసుకోవాలి?

అంత సేపట్లో పైలట్ చేతిలో తుపాకీ కంటే పెద్ద ఆయుధం ఉందని 1970 సెప్టెంబరు 6న ఒక కెప్టెన్ చూపించాడు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న ఇజ్రాయెల్ ఎల్ ఆల్ 219లో పాలస్తీనా హైజాకర్ లైలా ఖాలెద్, ఆమె జతగాడు పిస్తోలు, గ్రెనేడ్లతో లేచారు. కాక్‌పిట్ తలుపు తీయకపోతే చంపుతామన్నారు. కెప్టెన్ ఊరీ బార్-లెవ్ తలుపు తీయలేదు. బోయింగ్ 707ని ఒక్కసారిగా నిట్టనిలువుగా కిందికి దూకించాడు. ప్రయాణికులు బెల్టులు పెట్టుకుని ఉన్నారు, నిలబడి ఉన్నది హైజాకర్లు. వాళ్లు పట్టు తప్పిపోయారు. విమానంలో ఉన్న సాయుధ గార్డు మగ హైజాకర్‌ని కాల్చాడు, ఖాలెద్‌ని ప్రయాణికులు, సిబ్బంది పట్టుకున్నారు. లండన్‌లో దిగారు. ఇక్కడ తుపాకీ పేలిన మాట నిజమే, బావ దాన్నే పట్టుకుంటాడు. కానీ ఆ తుపాకీ పైలట్ చేతిలోది కాదు. పైలట్ తనకొచ్చిన పనే చేశాడు.

1986 సెప్టెంబరులో కరాచీలో ఇంకా విచిత్రం జరిగింది. బొంబాయి నుంచి వచ్చి ఆగిన పాన్ యామ్ 73లోకి ఎయిర్‌పోర్టు భద్రతా సిబ్బంది వేషంలో నలుగురు చొరబడ్డారు. క్యాబిన్ సిబ్బంది నుంచి హెచ్చరిక అందగానే కాక్‌పిట్‌లో ఉన్న ముగ్గురూ పైకప్పు కిటికీలోంచి తాళ్లు పట్టుకుని దిగిపోయారు. పైలట్లు పారిపోయారని అప్పట్లో తిట్టినవాళ్లు చాలామంది. నడిపేవాడు లేని జంబో విమానం ఎక్కడికీ పోలేదు, ఏ భవనం మీదా పడలేదు. లోపల మాత్రం ఆ పదహారు, పదిహేడు గంటలూ నరకమే. చివర్లో కాల్పుల్లో ఇరవై మందికి పైగా పోయారు. ప్రయాణికుల్ని కాపాడుతూ ప్రాణం ఇచ్చిన నీర్జా భనోత్ పేరు మనకి తెలుసు. ఆ పైలట్లది పిరికితనమా, తెలివా అని నన్నడిగితే తెలివే అంటాను. పిస్తోలు చేతిలో ఉంటే వాళ్లు దిగేవాళ్లు కాదేమో. హీరోలా నిలబడాలన్న ఆలోచన వచ్చి ఉండేది.

మన దేశం సంగతికొస్తే, మన హైజాక్‌ల చరిత్రలో ఆటబొమ్మలు చాలా ఉన్నాయి. 1971 జనవరిలో శ్రీనగర్ నుంచి జమ్ము వెళ్తున్న గంగ అనే చిన్న ఫోకర్ విమానాన్ని బొమ్మ పిస్తోలు, చెక్క గ్రెనేడ్ చూపించి లాహోర్‌కి మళ్లించారు. 1978 డిసెంబరులో జైల్లో ఉన్న ఇందిరా గాంధీని విడుదల చేయాలంటూ ఇద్దరు పాండేలు లక్నో-ఢిల్లీ విమానాన్ని వారణాసికి తీసుకెళ్లారు. వాళ్ల ఆయుధాలు బొమ్మ పిస్తోళ్లు, ఒక క్రికెట్ బంతి. 1980 ఎన్నికల్లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచి ఇద్దరూ ఉత్తరప్రదేశ్ అసెంబ్లీలో కూర్చున్నారు. మన ప్రజాస్వామ్యం ఎంత పెద్ద మనసుదో!

వీటిలో పైలట్ దగ్గర అసలు పిస్తోలు ఉంటే కథ మారేదని అనిపించడం సహజం. అందుకే 1999 డిసెంబరు 24 గురించి కాస్త ఆగి మాట్లాడాలి. ఖాట్మండు నుంచి ఢిల్లీ బయల్దేరిన ఐసీ 814లో అయిదుగురు హైజాకర్లు ఉన్నారు, ఎక్కింది దాదాపు 190 మంది. కాక్‌పిట్‌లో కెప్టెన్ దేవీ శరణ్, ఇంకో ఇద్దరు. అప్పటి తలుపులు ఇప్పటిలా ఉక్కు తలుపులు కావు, సిబ్బంది టీ ఇవ్వడానికి వచ్చీపోయే మామూలు తలుపులు. ముసుగు వేసుకున్న వాడొకడు అలాగే లోపలికి వచ్చేశాడు. దేవీ శరణ్ దగ్గర పిస్తోలు ఉండి వాణ్ని కాల్చేశాడనే అనుకుందాం. బయట నలుగురు మిగిలారు, వాళ్ల చేతుల్లో గ్రెనేడ్లు, వాళ్ల ముందు ప్రయాణికులు.

ఆయన చేసింది వేరు. ఆయిల్ చాలదు, చాలదు అని చెప్పి చెప్పి లాహోర్ పోనివ్వకుండా అమృత్‌సర్‌లో దింపాడు. విమానం మన నేల మీద, మన రన్‌వే మీద, ముప్పావుగంటకి పైగా ఉంది. అంతకంటే ఏ పైలట్ ఏం చేయగలడు? ఢిల్లీలో సంక్షోభ నిర్వహణ బృందం మీటింగులో ఉంది. ఎన్‌ఎస్‌జీ కమాండోలు ఇంకా రాలేదు. విమానాన్ని కదలనివ్వకూడదన్నది అందరికీ తెలుసు. కదలకుండా ఎవరు ఆపాలి, ఎలా ఆపాలి, ఎవరు ఆర్డర్ వేయాలి అన్నది మాత్రం తేలలేదు. ఆయిల్ ట్యాంకర్ ఆలస్యం చూసి హైజాకర్లకి అనుమానం వచ్చింది. కత్తులు తీశారు. ట్యాంకులు ఖాళీ అవుతున్న విమానం ఆయిల్ పోయించుకోకుండానే పైకి లేచింది. ఆ తర్వాత లాహోర్, దుబాయ్, కాందహార్, కొత్త పెళ్లికొడుకు రూపిన్ కత్యాల్ మరణం, డిసెంబరు 31న మసూద్ అజర్‌తో సహా ముగ్గురి విడుదల. ఇవన్నీ మనం టీవీల్లో చూసినవే.

ఆ రోజు ఓడింది కింద ఉన్నవాళ్లు. 1993 ఏప్రిల్‌లో అదే అమృత్‌సర్‌లో ఐసీ 427ని ఎన్‌ఎస్‌జీ నిమిషాల్లో విడిపించింది. కాలికి కట్టిన పిండికట్టులో పిస్తోళ్లు దాచుకుని ఎక్కిన హైజాకర్ చనిపోయాడు, ప్రయాణికులంతా క్షేమం. ఆరేళ్ల తేడాలో అదే రన్‌వే మీద ఇలా ఎందుకు జరిగిందో అడగకుండా పైలట్ నడుముకి తుపాకీ కట్టడం గురించి మాట్లాడటం నాకు చిరాకు. 2000 నుంచి మన ఎయిర్‌పోర్టుల భద్రత ఒక్కొక్కటిగా సీఐఎస్‌ఎఫ్ చేతికి వచ్చింది, విమానాల్లో మఫ్టీలో స్కై మార్షల్స్, అంటే సాయుధ గార్డులు, ఎక్కడం కూడా అప్పుడే మొదలైంది. నా లెక్కలో ఇవి సరైన దిశలో పడిన అడుగులు.

మార్షల్స్ విషయంలో నాది పూర్తి సమర్థన కాదు. సెప్టెంబరు 11 నాటికి అమెరికా మొత్తానికి 33 మంది ఎయిర్ మార్షల్స్ ఉండేవారు, తర్వాత వేలల్లోకి పెంచారు. 2005 డిసెంబరులో మయామీలో మానసిక సమస్య ఉన్న ఒక ప్రయాణికుడు తన దగ్గర బాంబు ఉందంటూ విమానం దిగి బయటికి పరుగెత్తాడు. మార్షల్స్ కాల్చేశారు. బ్యాగులో బాంబు లేదు. భార్య వెనకాలే పరుగెత్తుతూ ఆయనకి ఒంట్లో బాగాలేదని అరుస్తూనే ఉందని తోటి ప్రయాణికులు చెప్పారు. తుపాకీ ఉన్నచోట రెండో ఆలోచనకి టైమ్ ఉండదు. కానీ మార్షల్ ఉద్యోగమే అది, విమానం నడిపే బాధ్యత ఆయన నెత్తిన లేదు. కాబట్టి తుపాకీ ఉండక తప్పదంటే ఆయన దగ్గరే ఉండనివ్వండి.

ఇక తలుపు. సెప్టెంబరు 11 తర్వాత నిజంగా పనికొచ్చిన మార్పు ఇదొక్కటే అని గట్టిగా చెప్పగలను. 2003 ఏప్రిల్‌కల్లా అమెరికా విమానాలకి గుండు దూరని, తన్నినా విరగని తలుపులు పెట్టించారు. అదే ఏడాది నవంబరు నుంచి ప్రపంచమంతా పెద్ద విమానాలకి అదే నియమం. ఎయిర్‌బస్‌లో ఇది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. బయట చిన్న కీప్యాడ్. మామూలుగా నొక్కితే లోపల బజర్ మోగుతుంది, పైలట్ కెమెరాలో చూసి తీస్తాడు. లోపల ఇద్దరూ స్పృహ తప్పారేమోనని అనుమానం వస్తే సిబ్బంది ఎమర్జెన్సీ కోడ్ కొట్టొచ్చు. పదిహేను సెకన్లు బజర్ మోగుతుంది, లోపలి నుంచి జవాబు లేకపోతే తాళం అయిదు సెకన్లు తెరుచుకుంటుంది. కోడ్ కొట్టించినవాడు హైజాకర్ అనిపిస్తే పైలట్ ఒక చిన్న స్విచ్‌ని లాక్ వైపు తోస్తాడు. అంతే, అయిదు నిమిషాల పాటు కీప్యాడ్ చచ్చిపోతుంది.

ఆ స్విచ్ 2015 మార్చి 24న ఏం చేసిందో తెలిసిందే. బార్సిలోనా నుంచి డ్యుసెల్‌డార్ఫ్ వెళ్తున్న జర్మన్‌వింగ్స్ 9525లో కెప్టెన్ టాయిలెట్‌కి వెళ్లాడు. కో-పైలట్ తలుపు బిగించి విమానాన్ని ఆల్ప్స్ కొండల వైపు దించాడు. చివరి అయిదారు నిమిషాల్లో కెప్టెన్ తలుపు కొట్టిన చప్పుళ్లు, చివరికి బద్దలు కొట్టబోయిన చప్పుళ్లు రికార్డర్‌లో ఉన్నాయి. 150 మంది పోయారు. అంతకు ముందు ఏడాది ఇథియోపియన్ 702 కో-పైలట్ ఇదే పని చేసి, రోమ్ వెళ్లాల్సిన విమానాన్ని జెనీవాలో దించి ఆశ్రయం ఇప్పించమన్నాడు. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. (స్విస్ యుద్ధ విమానాలు ఎందుకు లేవలేదంటే, ఆఫీసు టైమ్ కాలేదట! ఇటలీ, ఫ్రాన్స్ విమానాలు తోడు రావాల్సి వచ్చింది.)

బావ ఇక్కడ ఎగిరి గంతేస్తాడు. "చూశావా, నీ తలుపే చంపింది కదా?" నిజమే. కానీ అదే తలుపు 2012 మార్చిలో జెట్‌బ్లూ 191ని కాపాడింది. అక్కడ గాలిలో ఉండగా మతి చలించింది కెప్టెన్‌కి. ఆయన బయటికి వచ్చినప్పుడు కో-పైలట్ తలుపు బిగించేశాడు. కెప్టెన్ తలుపు బాదాడు, ప్రయాణికులు ఆయన్ని నేలకి అదిమి పట్టుకున్నారు, విమానం టెక్సాస్‌లోని అమరిల్లోలో దిగింది. ఆ కెప్టెన్ తుపాకీ లైసెన్సున్న వాళ్లలో ఒకడై ఉంటే? వారం శిక్షణకి ముందు పెట్టిన మానసిక పరీక్ష ఏళ్ల తర్వాత వచ్చే జబ్బుని పట్టుకోలేదు. తలుపు వల్ల తప్పు జరిగితే నియమం మార్చుకోవచ్చు. జర్మన్‌వింగ్స్ తర్వాత చాలా ఎయిర్‌లైన్స్‌లో కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరుండాలన్న నియమం అలాగే వచ్చింది.

పైలట్ టాయిలెట్‌కి వెళ్లే ఆ రెండు నిమిషాలే ఇప్పటికీ మిగిలిన సందు. మొదటి వరసలో సీటు దొరికినప్పుడు గమనించండి. హైదరాబాద్-ఢిల్లీ విమానంలో నేను చూశాను. ముందు ఇంటర్‌కామ్‌లో ఏదో మాట. ఒకమ్మాయి తిండి బండిని అడ్డంగా లాగి బ్రేకు తొక్కింది. ఇంకో అమ్మాయి లోపలికి వెళ్లింది, కెప్టెన్ బయటికొచ్చాడు. బండి దగ్గరున్న అమ్మాయి మన వైపు తిరిగి నిలబడింది. మహా అయితే పాతికేళ్లుంటాయి, మనిషి సన్నం. ఉక్కు తలుపు తెరిచి ఉన్నంత సేపూ కాపలా ఆ బండి, ఆ పిల్లే. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. తలుపు ముందు మడతపెట్టి లాగే ఒక గేటు. మన అపార్ట్‌మెంట్ లిఫ్టుల పాత జాలీ తలుపు లాంటిదే. సెప్టెంబరు 11న చనిపోయిన యునైటెడ్ 175 కెప్టెన్ విక్టర్ సారాసినీ భార్య ఎలెన్ ఏళ్ల తరబడి దీని కోసం తిరిగారు. అమెరికాలో 2018లో చట్టం, 2023లో నియమం వచ్చాయి. అది కూడా కొత్తగా తయారయ్యే విమానాలకే, పైగా ఏడాది వాయిదా. పైలట్లకి పిస్తోళ్లివ్వడానికి పట్టింది ఏడాదిన్నర. ఒక జాలీ గేటుకి ఇరవై ఏళ్లు దాటింది!

ప్రయాణికుల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. సెప్టెంబరు 11కి ముందు విమానయానంలో అందరికీ నేర్పింది హైజాకర్ చెప్పినట్టు వినండి, కిందికి దిగాక చూసుకుందాం అని. నాలుగో విమానం యునైటెడ్ 93లో ఉన్నవాళ్లకి ఫోన్లలో మిగతా విమానాల సంగతి తెలిసింది. ఆ క్షణంలోనే ఆ పాఠం చెల్లిపోయింది. అదే ఏడాది డిసెంబరులో బూటులో బాంబు ముట్టించబోయినవాణ్ని, 2009 క్రిస్మస్ రోజు డెట్రాయిట్ విమానంలో లోదుస్తుల్లో బాంబు పెట్టుకున్నవాణ్ని పట్టుకుంది పక్క సీట్లవాళ్లూ, సిబ్బందీ.

మన దగ్గర ఇప్పుడున్న తలనొప్పి కాగితాల మీద, ఫోన్ల మీద నడుస్తోంది. మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారు విమానయాన మంత్రిగా ఉండగా 2016లో కొత్త హైజాక్ నిరోధక చట్టం వచ్చింది. ప్రాణం పోతే ఉరి దాకా శిక్ష ఉంది. దాని కింద మొదట శిక్ష పడింది తుపాకీ పట్టినవాడికి కాదు. 2017లో ముంబై-ఢిల్లీ విమానం టాయిలెట్‌లో బెదిరింపు కాగితం పెట్టాడని ఒక వ్యాపారికి యావజ్జీవం, అయిదు కోట్ల జరిమానా వేశారు. 2023లో గుజరాత్ హైకోర్టు నేరం రుజువు కాలేదని కొట్టేసింది. 2024 అక్టోబరులో రామ్మోహన్ నాయుడు గారి హయాంలో వందల బూటకపు బాంబు బెదిరింపులు వచ్చి ఎయిర్‌పోర్టులు అతలాకుతలం అయ్యాయి. వీటిలో దేనికీ కాక్‌పిట్‌లో పిస్తోలుతో పని లేదు.

పైలట్ మీద నమ్మకం అంటూ బావ మొదలుపెట్టిన చోటికే వస్తాను, ఎందుకంటే అసలు పని మిగిలింది అక్కడే. జర్మన్‌వింగ్స్ కో-పైలట్ తన జబ్బుని కంపెనీకి చెప్పలేదు. డ్యూటీ చేయొద్దని డాక్టర్ రాసిచ్చిన కాగితం చింపిన స్థితిలో ఇంట్లో దొరికింది. చెబితే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే అప్పులు మెడకి చుట్టుకుంటాయి. పైలట్ శిక్షణకి లక్షల్లో, కోట్లలో అప్పు చేసిన మన పిల్లలకి ఈ లెక్క ఇంకా బాగా తెలుసు. యూరప్‌లో ఆ ప్రమాదం తర్వాత ప్రతి ఎయిర్‌లైన్స్‌లోనూ తోటి పైలట్లతో గుట్టుగా మాట్లాడుకునే సహాయ బృందం ఉండాలని నియమం పెట్టారు. మన కంపెనీలు 2023లో ఒక్క ఏడాదే దాదాపు వెయ్యి కొత్త విమానాలకి ఆర్డరిచ్చాయి. ఒకటి అయిదొందలు, ఇంకొకటి 470. వాటిని నడపబోయే వేలమంది కుర్రాళ్లకి "నాకు నిద్ర పట్టడం లేదు, నాలుగు వారాలు సెలవు కావాలి" అని ఉద్యోగ భయం లేకుండా చెప్పే దారి ఉండాలి. ఆ సెలవు కాలానికి జీతం, వాయిదాలు ఎవరు కడతారన్నది ముందే కాగితం మీద రాసి ఉండాలి. ముందు ఇది తేల్చండి, జాలీ గేట్లు పెట్టండి. తర్వాత కూడా బావకి పిస్తోలు కావాలనిపిస్తే అప్పుడు కూర్చుని వాదించుకుంటాం.